‘క్లీన్’ అన్న ఒక్క మాట చాలదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనమంతా ఫైళ్ళ మధ్య బ్రతికినవాళ్ళం. దరఖాస్తు మీద ‘ఫార్వర్డెడ్’ అని వ్రాస్తే ఒక అర్థం, ‘రికమెండెడ్’ అని వ్రాస్తే మరొక అర్థం. ఆ తేడా తెలియని గుమాస్తా ఉండడు. అదే శ్రద్ధను ఇప్పుడు ఇంట్లోని సీసాల మీద, డబ్బాల మీద ఉండే ఇంగ్లీషు మాటలపై కూడా చూపమని కోరడానికే ఈ నాలుగు మాటలు.

శుభ్రం చేసే పనులకు తెలుగులో మాటల కొరత లేదు. ఇల్లు ఊడుస్తాం, గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, బూజు దులుపుతాం, కాళ్ళు కడుక్కుంటాం. గిన్నెలు ఉతికామంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషుకు వచ్చేసరికి మాత్రం అన్నిటికీ ‘క్లీన్’ అనేస్తాం. వాళ్ళకూ వేరువేరు మాటలున్నాయి. ఊడవడం స్వీప్, తడిగుడ్డ పెట్టడం మాప్, బల్ల తుడవడం వైప్, గట్టిగా రుద్ది తోమడం స్క్రబ్, సబ్బు పోయేలా జాడించడం రిన్స్. కనుక ఏ మాట వాడాలో తోచనప్పుడు ముందు తెలుగు మాట తలచుకోండి, ఇంగ్లీషు మాట దొరుకుతుంది.

పక్కన చిన్న మాట చేరినా అర్థం మారుతుంది. బీరువాను ‘క్లీన్’ చేయమంటే శుభ్రం చేయమని. ‘క్లీన్ అవుట్’ చేయమంటే లోపలివన్నీ తీసి, అక్కరలేనివి పారేయమని. మనవడికి ఈ రెండోది చెబితే మన పెన్షను కాగితాలు పాతపేపర్ల వాడి తక్కెడలోకి చేరగలవు! పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ‘వాష్ అప్’ అంటే ఇంగ్లండులో భోజనమయ్యాక గిన్నెలు కడగడం, అమెరికాలో చేతులు, ముఖం కడుక్కోవడం.

ఇంతవరకు చెప్పినవి పొరబడినా నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇక ఆరోగ్యానికి సంబంధించిన మాటలు. ఇవి నాలుగు మెట్లు. ‘క్లీన్’ అంటే మురికి పోగొట్టడం. ‘శానిటైజ్’ అంటే క్రిములను హాని లేని స్థాయికి తగ్గించడం. ‘డిసిన్ఫెక్ట్’ అంటే మందుతో క్రిములను చంపడం. ‘స్టెరిలైజ్’ అంటే ఏ క్రిమీ మిగలకుండా చేయడం.

2020లో కరోనా వచ్చాక శానిటైజర్ ప్రతి ఇంటికీ వచ్చింది. కాని మట్టి, జిడ్డు ఉన్న చేతులకు అది సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే దిక్కు. డిసిన్ఫెక్టెంట్ కూడా అంతే. ముందు మురికి కడగాలి, తరువాత మందు వేసి, సీసా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. వేసిన వెంటనే తుడిచేస్తే ఫలితం దక్కదు. సూది, గాయానికి వేసే పట్టీల పొట్లం మీద ‘స్టెరైల్’ అని ఉంటుంది. ఆ పొట్లం చిరిగితే లోపలిది కంటికి ఎంత శుభ్రంగా కనబడినా స్టెరైల్ కాదు.

డాక్టరుగారు గాయాన్ని ‘క్లెన్స్’ చేయమన్నారంటే మెల్లగా శుభ్రపరచమని, రుద్దమని కాదు. ‘క్లెన్సర్’ అన్న మాట ముఖానికి రాసుకునే దాని మీదా ఉంటుంది, కట్టుడుపళ్ళ బిళ్ళల మీదా ఉంటుంది. ఆ బిళ్ళ గ్లాసు నీళ్ళలో వేసేదే గాని నోట్లో వేసుకునేది కాదు. ‘సోక్’ అంటే పళ్ళను అందులో నానబెట్టాలి, ‘రిన్స్’ అంటే తిరిగి పెట్టుకునేముందు మంచినీళ్ళతో బాగా కడగాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘డు నాట్ మిక్స్’, అంటే కలపవద్దు. రెండూ క్లీనర్లే కదా అని బ్లీచింగును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో అది ఊపిరితిత్తులకు పెద్ద ప్రమాదం. మన వయస్సులో మరీను. పనిమనిషికి కూడా ఈ సంగతి తప్పక చెప్పండి.

సీసాల మీద అక్షరాలు చిన్నవి, మన చూపు మందగించింది. సిగ్గుపడనక్కరలేదు. మనవలచేత చదివించుకుందాం. బదులుగా దులపడం, తోమడం, జాడించడం వంటి మాటలు వాళ్ళకు నేర్పుదాం. ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు భాషలూ నిలుస్తాయి, ఆరోగ్యమూ నిలుస్తుంది.