అడగలేదు కాబట్టి చెప్పలేదు

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా మా ప్రాంతీయ కార్యాలయంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 24 రాగానే మనం డిపాజిట్లు, సర్వీసు ఛార్జీలు, ఫిర్యాదుల పెట్టె గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నేను ఒక కుక్క గురించి మాట్లాడతాను. మీకు నవ్వొచ్చినా ఫరవాలేదు, చివరికి అది మన కౌంటర్ దగ్గరికే వస్తుంది.

నేను బెంగళూరులో పనిచేసిన రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగు కుటుంబం ఉండేది. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల బాబు. డబ్బు పోసి జాతి కుక్కను కొనేకంటే దిక్కులేని ప్రాణిని తెచ్చుకుందామని, వీధికుక్కలను కాపాడే ఒక సంస్థ నుంచి ఒకదాన్ని దత్తత తీసుకున్నారు. "రెండేళ్లది, టీకాలన్నీ అయ్యాయి, పిల్లలతో బాగా కలిసిపోతుంది" అని చెప్పారు సంస్థవాళ్లు. దత్తత రుసుము కింద అయిదు వేలు తీసుకుని రసీదు ఇచ్చారు. రెండు పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు.

తొమ్మిదో రోజున, తింటున్న గిన్నె దగ్గరికి వెళ్లిన బాబు చేతిని అది గట్టిగా కరిచింది. బాబుకు కుట్లు పడ్డాయి, రేబీస్ టీకాలు మొదలయ్యాయి. పశువైద్యుడు దాని పళ్లు చూసి ఆరేళ్లు దాటి ఉంటుందన్నాడు. టీకాల పుస్తకంలో వెనక పేజీన మరో ఇంటి ఫోన్ నంబరు కనిపించింది. చేసి అడిగితే, తమ పాపను కరిచినందుకే దాన్ని సంస్థకు తిరిగి ఇచ్చేశామన్నారు వాళ్లు.

"రాత్రికి కారులో తీసుకెళ్లి ఊరి బయట వదిలేస్తాను" అన్నాడు భర్త. "దాని తప్పేముందండీ? తెలిసీ మనకు చెప్పనివాళ్లది గానీ" అంది భార్య. ఆవిడ మాటే చట్టానికీ దగ్గర. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, జంతువును ఆకలిదప్పులతో బాధపడేలా ఎక్కడో వదిలేసి రావడం నేరం. మొదటిసారి జరిమానా యాభై రూపాయలకు మించదన్నది వేరే సంగతి.

"సార్, బ్యాంకులో రోజూ డాక్యుమెంట్లు చూస్తారు కదా, ఇవి ఒకసారి చూడండి" అని కాగితాలు నా ముందు పెట్టారు. అప్పటికే సంస్థ నుంచి జవాబు వచ్చింది. అందులో రెండు వాదనలు ఉన్నాయి. ఒకటి, పాత ఇంటి సంగతి మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదు. రెండు, మాది సేవ, అమ్మకం కాదు.

మొదటి వాదన సంగతి చూద్దాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రానికి లోపముందని తెలిసి కూడా యజమాని ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే, ఆ మౌనం ఒక్కటే మోసం కాదు. కానీ కొనేవాడు "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అన్నప్పుడు కూడా నోరు విప్పకపోతే, ఆ మౌనం మాటతో సమానం. అంటే అడిగిన ప్రశ్నకు అంత బలం ఉంది.

ఇక్కడ సంస్థ మౌనంగా కూడా లేదు. పిల్లలతో కలిసిపోతుందని నోటితో చెప్పింది. అబద్ధమని తెలిసే చెబితే అది 17వ సెక్షన్ కింద మోసం. నిజమేనని నమ్మి, తగిన ఆధారం లేకుండా చెబితే 18వ సెక్షన్ కింద తప్పుడు ప్రకటన. రెండింటిలో ఏదైనా 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మోసపోయినవారికి ఉంటుంది.

రెండో వాదన అంత తేలిక కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ప్రతిఫలం ఇచ్చి వస్తువు కొన్నవాడు, సేవ పొందినవాడే వినియోగదారుడు. ఉచిత సేవ దాని పరిధిలోకి రాదు. అందుకే ఇలాంటి తగాదాల్లో ఇచ్చింది విరాళమా, ధరా అన్న దగ్గరే వాదన తిరుగుతుంది. రసీదు మీద ఏ మాట ఉందో అప్పుడు చాలా ముఖ్యం. వీళ్ల రసీదులో విరాళం అన్న మాట లేదు.

ఒప్పందంలో ఇంకో షరతు కూడా ఉంది. కుక్కను ఉంచుకోలేకపోతే మరెవరికీ ఇవ్వకూడదు, సంస్థకే అప్పగించాలి. కుటుంబాన్ని కట్టిపడేయడానికి రాసుకున్న ఆ షరతే, మేం తీసుకోం అనడానికి సంస్థకు దారి లేకుండా చేసింది. లాయరు నోటీసు వెళ్లాక, కేసు దాకా పోకుండానే రాజీ కుదిరింది. రుసుము, ఆసుపత్రి ఖర్చులు చెల్లించి కుక్కను వెనక్కి తీసుకున్నారు. ఆవిడ మాత్రం ఇంకో మాట రాయించింది: ఇది రెండుసార్లు పిల్లలను కరిచిందని దాని రికార్డులో స్పష్టంగా ఉండాలి. కొన్నాళ్లకు, ఆ రికార్డు చదివి మరీ, చిన్నపిల్లలు లేని ఒక పెద్ద వయసు జంట దాన్ని తీసుకెళ్లింది. ఉన్నది ఉన్నట్టు రాయడం వల్ల దానికి ఇల్లు దొరక్కుండా పోలేదు, సరైన ఇల్లు దొరికింది.

ఇప్పుడు మన కౌంటర్ దగ్గరికి వద్దాం. రిటైరైన పెద్దాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్‌కి వస్తారు. "ఇది కూడా డిపాజిట్ లాంటిదే సార్, ఇంకా బాగుంటుంది" అని బీమా పాలసీ ఫారం ముందు పెడతాం. ఏటా ప్రీమియం కట్టాలని, మధ్యలో ఆపితే నష్టమని చెప్పం. రెండో ఏడాది ఆయన వచ్చి నిలదీస్తే, మీరు అడగలేదు కదా అంటాం. పిల్లలతో కలిసిపోతుంది అన్న మాటకూ, డిపాజిట్ లాంటిదే అన్న మాటకూ నాకు పెద్ద తేడా కనబడదు.

రిజర్వు బ్యాంకు 2014 డిసెంబర్‌లో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో అయిదు హక్కులున్నాయి. వాటిలో ఒకటి పారదర్శకత, ఇంకొకటి ఖాతాదారుడి అవసరానికి తగినదే అమ్మడం. టార్గెట్ల ఒత్తిడి నాకు తెలియనిది కాదు, నేనూ అదే కుర్చీలో కూర్చుంటాను. అయినా ఒక్కటి అడుగుతున్నాను. రేపటి నుంచి ఏ ఫారం మీద సంతకం తీసుకునే ముందైనా, ఆయన అడగకపోయినా, తెలిస్తే వద్దనుకునే అవకాశమున్న విషయం ఏదో అదే ముందు చెబుదాం. కొందరు వద్దని లేచి వెళ్లిపోతారు, వెళ్లనిద్దాం. విని కూడా సంతకం పెట్టినవారు మళ్లీ మన బ్రాంచికే వస్తారు.