హక్కుకు తేదీ ఉంటదా?



న్యాయవాదులు, విద్యార్థులు, ఉద్యోగులు కూడిన ఈ సభ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాం. ఒక విచారణ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని కోర్టే తేల్చింది. మరి అదే పద్ధతిలో శిక్షపడి జైల్లో ఉన్నోళ్ల సంగతేంది? పనిభారం పెరుగుతదని కోర్టు తలుపులు మూసుకోవచ్చునా?

అమెరికాలో లూసియానా రాష్ట్రం ఉంది. పన్నెండు మంది జ్యూరీ ఏకగ్రీవంగా ఒప్పుకోకున్నా శిక్ష వేయొచ్చని 1898లో అక్కడి రాజ్యాంగంలో రాసుకున్నరు. నల్లజాతివాళ్లు జ్యూరీలో కూర్చున్నా వాళ్ల ఓటుకు విలువ లేకుండా చేసే ఎత్తుగడ అది. తీవ్ర నేరాల్లో ఏకగ్రీవ తీర్పు తప్పనిసరి అని 2020లో రామోస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. సంతోషమే. కానీ 2021 మే నెలలో ఎడ్వర్డ్స్ కేసులో అదే కోర్టు 6-3 మెజారిటీతో గీత గీసింది. అప్పీళ్లు ముగిసిన పాత ఖైదీలు ఫెడరల్ కోర్టుల్లో ఈ హక్కు అడగరాదన్నది. ఆ పిటిషనర్ నల్లజాతీయుడు. అతని జ్యూరీలో నల్లజాతి సభ్యులు ఒక్కరే. ఆ ఒక్క ఓటు నిర్దోషి అనే పడింది. అయినా జీవితఖైదే.

తీర్పులకు ఒక ముగింపు ఉండాలంటరు. సాక్షులు దొరకరు, బాధితులు మళ్లీ కోర్టు మెట్లెక్కాలె అంటరు. బాధితుల గోస నిజం, కాదనం. కానీ ఖైదీలు అడిగింది విడుదల కాదు, సక్రమమైన విచారణ. తప్పు పద్ధతి పెట్టింది రాజ్యం. దాని ఖర్చు ఖైదీ మోయాల్నా?

ఇదే పద్ధతి ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో 2022 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు పాత ఖైదీలకూ ఈ హక్కు వర్తిస్తదన్నది. అక్కడి కోర్టులకేం తాళాలు పడలేదు.

మన సుప్రీంకోర్టూ ఒక దారి చూపింది. ఉరిశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్లను బహిరంగ కోర్టులో వినాలని 2014లో చెప్పింది. గరిష్ఠంగా అరగంట. రివ్యూ కొట్టివేసినా ఉరి అమలు కాని పాతవాళ్లకూ అవకాశమిచ్చింది. క్యూరేటివ్ పిటిషన్ కూడా పోయినవాళ్లను మాత్రం పక్కనపెట్టింది. ఆ కేసు గెలిచిన ఖైదీకే ఆ ఫలం దక్కలేదు. 2016లో అతని రివ్యూ వినడానికి ఒప్పుకొని సరిదిద్దింది. ఒక ప్రాణానికి అరగంట ఎక్కువా?

ఉద్యమ కేసుల్లో వాయిదాలకు తిరిగినోళ్లం మనం. కోర్టు ఆలస్యం ఎంత నరకమో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే అంటున్నాం: పని ఎక్కువైతే జడ్జీలను పెంచాలె, ఖాళీలు నింపాలె. హక్కులకు కోత పెట్టొద్దు.