మందు అయిపోయాక మిగిలే బతుకు

(గాంధీజీ వర్ధంతి స్మారకోపన్యాసం, నూజివీడు)



జనవరి 30 గాంధీగారు పోయిన రోజు. మన దేశంలో కుష్టు నివారణ దినం కూడా ఇదే. ఈ రెండూ ఒకే తేదీన పడటం యాదృచ్ఛికం కాదు. దక్షిణాఫ్రికాలో ఇంటి గుమ్మంలోకి వచ్చిన కుష్టు రోగిని లోపలికి పిలిచి, పుండ్లు కడిగి కట్టు కట్టిన మనిషి ఆయన. సేవాగ్రామంలో పర్చూరే శాస్త్రి అనే సంస్కృత పండితుడు ఇదే జబ్బుతో దిక్కు లేక వస్తే ఆశ్రమంలో చోటిచ్చి, రోజూ తన చేత్తోనే ఒళ్లు మర్దనా చేశారు. 18 అంశాల నిర్మాణ కార్యక్రమంలో ఖద్దరు, మద్యనిషేధాలతో పాటు కుష్టు రోగుల సేవనూ చేర్చారు. ఆయన పోయాక 1951లో వార్ధాలో గాంధీ స్మారక కుష్టు నివారణ సంస్థ పుట్టింది. మన ఉత్తరాంధ్రలోని చిలకలపల్లిలోనూ ఆ సంస్థ కేంద్రం వెలిసింది. ఆ సంస్థ డాక్టరు వార్డేకర్ గారు నేర్పిన పద్ధతి ఇది: రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగొద్దు, మనమే ఇల్లిల్లూ తిరగాలి, చూడాలి, చెప్పాలి, మందు ఇవ్వాలి. సైకిలు మీద ఊరూరా తిరిగిన పారామెడికల్ వర్కర్లు ఇప్పటికీ కొందరు మన మధ్య ఉన్నారు. ఈ జబ్బు తగ్గిందంటే ముందుగా దండం పెట్టాల్సింది వాళ్ల కాళ్లకే.

ఆ పని పూర్తి కాకముందే మనం చేతులు దులుపుకున్నామని చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

లెక్క చూడండి. 1980ల మొదట్లో దేశంలో ప్రతి 10,000 మందికి 57 మందికి పైగా కుష్టు రోగులుండేవారు. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చాక ఆ సంఖ్య పడిపోయింది. 2005 డిసెంబరు నాటికి 10,000 మందికి ఒకరి కంటే తక్కువకు దిగింది. ప్రజారోగ్య సమస్యగా కుష్టు నిర్మూలన అయిందని ప్రకటించారు. అది నిజంగా గొప్ప విజయం, తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ లెక్కలో ఉండేది ఎవరు? ఆ రోజున మందు మింగుతున్నవాళ్లు మాత్రమే. తక్కువ మచ్చలున్నవారికి 6 నెలలు, ఎక్కువున్నవారికి 12 నెలలు. చివరి మాత్ర మింగిన మర్నాడు రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు. సూక్ష్మజీవి చచ్చింది నిజమే. చచ్చిన నరం మాత్రం మళ్లీ బతకదు. స్పర్శ లేని పాదం, ముడుచుకుపోయిన వేళ్లు, మూతపడని కన్ను ఆ మనిషికి చివరిదాకా ఉంటాయి. ఆ లెక్కలో వాటికి చోటు లేదు.

ఆ ఏళ్లలోనే జరిగింది మరొకటి ఉంది. కుష్టు కోసమే ఉన్న సిబ్బందిని మామూలు వైద్యసేవల్లో కలిపేశారు. కాగితం మీద చూస్తే మంచిదే, ఒక్క జబ్బుకు వేరే గది ఉండటమే వెలి అని వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే మోచేయి వెనక నరాన్ని వేలితో తడిమి వాచిందో లేదో చెప్పగల చేతులు ఒక్కొక్కటిగా రిటైరయ్యాయి. వాటి స్థానంలో కొత్త చేతులను మనం తయారు చేసుకోలేదు.

ఈ సూక్ష్మజీవి పని తీరు కాస్త తెలుసుకుందాం. 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టారు. దీనికి చలువ కావాలి. అందుకే ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్ల, అంటే చర్మంలో, ముక్కులో, మోచేయి వెనక, మోకాలి పక్కన పైపైన పోయే నరాల్లో కాపురం పెడుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. సోకినా, జబ్బు బయటపడటానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు. అందరికీ అంటుకునే జబ్బు కానే కాదు. నూటికి 95 మందికి దీన్ని అడ్డుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది.

ఇక వేళ్లు రాలిపోవడం గురించి. జబ్బు వల్ల మాంసం కుళ్లి వేళ్లు వాటంతటవే రాలిపోతాయని మన పెద్దలు అనుకున్నారు, డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1940ల్లో వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ దీన్ని దగ్గర నుంచి చూశారు. మాంసం దానంతటది కుళ్లడం లేదు. నొప్పి తెలియదు కాబట్టి వేడి గిన్నె పట్టుకుంటారు, మేకు మీద నడుస్తారు, దెబ్బ తగిలిన వేలితోనే పని చేస్తారు. చీము పడుతుంది, ఎముక అరిగిపోతుంది. రాత్రి వేళ నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాని రోగులున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేవారికి ఆయన పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు. నొప్పి మనిషికి కాపలా. ఆ కాపలా పోయిన ఇంట్లో ఈ మనుషులు ఉంటున్నారు.

ఇప్పుడు ఆ చేతులతో, ఆ పాదాలతో మన ప్రాంతపు పనిని ఒక్కసారి చూడండి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, ఎటు చూసినా మామిడే. ఇప్పుడు పూత మీద తేనెమంచు పురుగు. మందు కొట్టేవాడి అరికాలు పగులులోంచి ఆ మందునీళ్లు లోపలికి పోతాయి, అతనికి చురుక్కుమనదు. ఏప్రిల్, మే నెలల్లో కోత. ఆ ఎండకు కాలిన ఎర్రనేల మీద చెప్పులు లేకుండా నడిస్తే మనం గంతులేస్తాం. అతను గంతులెయ్యడు, నింపాదిగా నడుస్తాడు. సాయంత్రానికి అరికాలు నిండా బొబ్బలు. కంప ముల్లు దిగితే రెండు రోజుల తర్వాత వాసన వల్ల తెలుస్తుంది.

కాయ తొడిమ దగ్గర విరిచినప్పుడు సొన చిమ్ముతుంది. రసాలు దింపేవాళ్లకు, కలెక్టర్ రకం కాయలు ట్రేలలో సర్దేవాళ్లకు దాని సంగతి బాగా తెలుసు. ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది. గబుక్కున తుడుచుకుంటారు, నీళ్లు పోసుకుంటారు. ఒక తోటలో షెడ్డు కింద కాయలు ఏరుతున్న పెద్దావిడ అరచేతి అంచు చూశాను. సొన పడిన చోట చర్మం నల్లగా పొరలు లేచి, కింద ఎర్రగా పచ్చి. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. “మంట లేదా అమ్మా?” అన్నాను. “మంటుంటే తుడుచుకునేదాన్ని కదా నాయనా” అంది. వెంటనే చెయ్యి కొంగు కింద పెట్టుకుని మేస్త్రీ ఉన్నవైపు చూసింది. ఎప్పుడో చిన్నతనంలో మందు వాడి నయమైన మనిషి. ఆమె వల్ల ఎవరికీ ఏమీ రాదు. అయినా మేస్త్రీకి తెలిస్తే రేపటి నుంచి కూలి ఉండదని ఆమె భయం. ఆ భయంతో కాలిన చేతికి కట్టు కూడా కట్టించుకోలేదు. కట్టు కడితే అందరూ అడుగుతారు కదా.

ఆవిడకు కావాల్సింది పెద్ద ఆసుపత్రి కాదు. ఒక జత చేతితొడుగులు, పని మధ్యలో చేతులు చూసుకునే అలవాటు, తప్పుగా చూడని మేస్త్రీ ఉంటే చాలు.

పాదం సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని మంచం పట్టించేది ఆ అరికాలి పుండే. బొటనవేలి మొదట్లో, మడమ దగ్గర, బరువంతా పడే చోట చర్మం గట్టిపడి ఆనెకాయ కడుతుంది. దాని కింద నెత్తురు చేరి, పగిలి, గుంట పడుతుంది. దీనికి మందుల షాపులో దొరికే ఆయింట్‌మెంట్లతో ఒరిగేదేమీ లేదు. చేయాల్సిన పని ఇది: రోజూ పాదాన్ని 20 నిమిషాలు వేడి లేని మామూలు నీళ్లలో నానబెట్టాలి. గట్టిపడిన అంచుల్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది తీసెయ్యాలి. తడి ఆరకముందే కొబ్బరినూనో, వేపనూనో రాయాలి. పుండు ఉంటే శుభ్రమైన గుడ్డతో కట్టి, ఆ కాలికి విశ్రాంతి ఇవ్వాలి. చివరిది తప్ప అన్నీ ఖర్చు లేనివే. విశ్రాంతి అంటే కూలి పోవడమే. కోతల నెలన్నరలో సంపాదించినదాంతో ఏడాదంతా నెట్టుకొచ్చే మనిషికి, వారం పాటు కాలు కింద పెట్టొద్దని చెప్పేముందు ఆ వారం ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పేవాడు కూడా ఉండాలి.

ఈ పాదాల కోసం మెత్తటి రబ్బరుతో ఎంసీఆర్ చెప్పులు ఉన్నాయి. ప్రభుత్వం ఏడాదికి 2 జతలు ఉచితంగా ఇవ్వాలని నియమం. చాలాచోట్ల అవి ఆలస్యంగా వస్తాయి, వచ్చినా కొలత కుదరదు. అంతకంటే పెద్ద చిక్కు, వాటి ఆకారం. ఆ నల్లపట్టీల చెప్పు చూడగానే ఊరు గుర్తుపడుతుంది. అందుకని ఇంట్లో దాచి, సంతలో కొన్న హవాయి చెప్పులతో పనికి పోతారు. మామూలు చెప్పుల్లా కనిపించే మెత్తటి చెప్పులు కుట్టడం ఈ రోజుల్లో ఏమంత కష్టం? అడిగేవాళ్లు లేక జరగడం లేదు.

పింఛను విషయంలో మన రాష్ట్రాన్ని మెచ్చుకోవాలి. 2024 జులై నుంచి బహుళ అంగవైకల్యం ఉన్న కుష్టు బాధితులకు నెలకు 6,000 రూపాయలు వస్తున్నాయి. ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. అయితే అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడదు. కంటిపాప స్కానింగు పెడదామంటే, రెప్ప మూతపడక దెబ్బతిన్న కన్ను దానికీ పనికిరాదు. దీనికి మినహాయింపు నిబంధనలున్నాయి, సచివాలయం సిబ్బందిలో తెలిసినవారు సర్దుబాటు చేస్తారు. తెలియనివారి చేతిలో పడితే ఆ ముసలాయన నెలనెలా తన చేతులు నలుగురి ముందు చాపాలి. వైకల్యం ఇంకా రానివారి గతి మరొకటి. స్పర్శ పోయి, పుండు పడుతూ మానుతూ ఉన్నవాడు ధ్రువపత్రం కొలతకు అందడు. వేళ్లు పోయాక సాయం అందుతుంది గాని, వేళ్లు నిలిపే సాయం అందదు.

మన తెలుగునాట ఈ జబ్బు మీద జరిగిన కృషి చిన్నది కాదు. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రికి నర్సాగౌడ్ అనే దాత విరాళమిచ్చారు. అక్కడ పనిచేసి వెళ్లిన డాక్టర్ జాన్ లో, తర్వాత నైజీరియాలో డాప్సోన్‌ను తక్కువ మోతాదులో నోటిద్వారా ఇవ్వొచ్చని నిరూపించారు. అంతకుముందు సూది నొప్పి భరించాల్సిన పేదవాడికి చవకైన మాత్ర దక్కింది ఆ పరిశోధనల వల్లే. సాలూరు, రామచంద్రపురం, బాపట్ల, తెనాలి, మనకు దగ్గరలోనే ఏలూరు పక్కన వేగవరం, ఇలా ఎన్నో కేంద్రాలు లేచాయి. కుటుంబాలు గెంటేస్తే అక్కడే పక్కన గుడిసెలు వేసుకున్నారు. బాపట్ల బేతనీ కాలనీ లాంటివి అలా పెరిగాయి. దేశంలో ఇటువంటి కాలనీలు 700కు పైగా ఉన్నాయి. వాటిలో ఇప్పుడు చాలామటుకు ఉన్నది జబ్బు లేని ముసలివాళ్లు, వాళ్ల ఆరోగ్యవంతులైన పిల్లలు, మనవలు. ఆ పిల్లల ఆధార్ మీద ఉండే చిరునామా మాత్రం వాళ్లను వదలదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరి పేరు వినగానే లేచిపోతారు.

చట్టమూ చాలాకాలం ఆ లేచిపోయినవాళ్ల పక్షమే. కుష్టు రోగుల్ని పట్టి నిర్బంధించే 1898 నాటి చట్టం రద్దయింది 2016లో. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధన పోయింది 2019లో. కుష్టు ఉన్నవారు మునిసిపల్ కౌన్సిలర్‌గా ఉండరాదన్న ఒడిశా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అప్పటికి మందు వచ్చి పాతికేళ్లు దాటింది. లా కమిషన్ 2015లో వివక్షను తొలగించే చట్టం ముసాయిదాతో సహా నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం సమగ్ర చట్టం ఇంకా రాలేదు. జపాన్‌లోనూ ఇటువంటి నిర్బంధ చట్టం 1996 దాకా ఉంది. 2001లో కుమామొతో కోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెబితే ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. క్షమాపణ చెప్పింది, పరిహారం ఇచ్చింది. మనం కూడా 118 ఏళ్ల చట్టాన్ని రద్దు చేశాం. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

జబ్బు పోయిందనుకుంటే అదీ పొరపాటే. 2023లో ప్రపంచం మొత్తం మీద బయటపడిన కొత్త కేసులు 1,82,815. సగానికి పైగా మన దేశంలోనివే. వాటిలో పిల్లలూ ఉన్నారు. పిల్లల్లో కనిపించిందంటే చుట్టుపక్కల చికిత్స అందని పెద్దవారు ఎవరో ఉన్నారన్న మాట. మందులోని క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు కొంతకాలం నల్లబడుతుంది. అది చూసి నలుగురూ గుర్తుపడతారని మందు మధ్యలో మానేసేవారున్నారు, ముఖ్యంగా పెళ్లీడు ఆడపిల్లలు. ఆ రంగు మందు ఆపిన కొన్ని నెలలకు పోతుందని ఇంట్లో తల్లికి చెప్పాల్సింది ఏఎన్ఎమ్మే.

నూజివీడు వారిని నేను అడిగేవి కష్టమైనవి కావు. మార్చి నెలాఖరుకు కోతల కూలీలు వస్తారు. అంతకు ముందే, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నయమై ఇంటికి వెళ్లినవారి పాత పేర్లన్నీ తిరిగి ఒక పుస్తకంలోకి ఎక్కించండి. ఒక్కొక్కరి పాదం కాగితం మీద గీసి చెప్పుల కొలత తీసుకోండి. రైతు సోదరులారా, తోట గుత్తకు ఇచ్చేటప్పుడు కాయ లెక్క, డబ్బు లెక్క మాట్లాడుకుంటారు. చేతితొడుగులు, చెప్పులు గుత్తదారు ఇవ్వాలన్నది కూడా అప్పుడే మాట్లాడండి, అవి కూలీలందరికీ ఇస్తే ఎవరికి ఎందుకు ఇచ్చారో ఎవరూ అడగరు. షెడ్డు దగ్గర ఒక తొట్టిలో నీళ్లు, ఒక గరుకు రాయి, నూనె సీసా పెట్టించండి. ఆశా అమ్మలు, ఇంటింటికీ వెళ్లినప్పుడు పాలిపోయిన మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే, కళ్లు మూసుకోమని పెన్ను మొనతో తాకించి చూడండి. తెలియలేదంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందు ఉచితం. ఈ సభ అయ్యాక ఆ పరీక్ష ఎలా చేయాలో పక్క గదిలో చూపిస్తాను, ఆసక్తి ఉన్నవారు ఉండండి.