కడుపులోని రాచపుండు – పెట్ పరీక్ష చెప్పునది, చెప్పనిది
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. నేను జఠరమున బుట్టు క్యాన్సరును, అనగా రాచపుండును గూర్చియు, దాని గతిని సూచించు పెట్ స్కాను అను పరీక్షను గూర్చియు విన్నవించెదను. ఉత్సవసమయమున ఇది అప్రియప్రసంగముగా దోచవచ్చును. కాని యా పరీక్షాపత్రమును జాతకమువలె జదివి, “అంతయు వెలుగుచున్నదట, ఇక వైద్యమేల?” యని రోగిని ఇంటికి గొనివచ్చినవారిని నేనెరుగుదును. “ఏమియు వెలుగలేదు” అని నిశ్చింతగా నుండి మోసపోయినవారినిగూడ నెరుగుదును. రెండును పొరపాటులే.

మన అనకాపల్లి బెల్లమునకు ప్రసిద్ధము గనుక తీపితోనే ప్రారంభించెదను. క్యాన్సరు కణములు సామాన్య కణములకంటె చక్కెరను మిక్కుటముగా గ్రహించునని జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గు గత శతాబ్ది మూడవ దశకమున గనుగొనెను. ఆ యాకలియే ఈ పరీక్షకు మూలము. చక్కెరను బోలిన యొక పదార్థమునకు ఫ్లోరిన్-18 అను కిరణప్రసారక ద్రవ్యమును జేర్చి, ఉపవాసముతోనున్న రోగి రక్తనాళములోనికి ఎక్కింతురు. కణము దానిని చక్కెరయేయని లోనికి దీసికొనును; కాని పూర్తిగా వాడుకొనజాలదు. అది యచటనే చిక్కువడును. సుమా రొక గంట గడచిన పిమ్మట ఏ భాగమున నెంత చేరినదో యంత్రము చిత్రించును. ఆ ఫ్లోరిను 110 నిమిషములలో సగమగును. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దీనిని మొదటిసారి మానవులయందు బ్రయోగించిరి. ఇందువలన బెల్లము తినుటచే రాచపుండు పుట్టునని గాని, మానినచో మాడిపోవునని గాని తలపరాదు. మన దేహమందలి మంచి కణములకును చక్కెర ఆహారమే.

ఇక భవిష్యత్సూచన. మ్యూనిక్ నగర వైద్యులు 2003లో నొక పరిశోధనను బ్రకటించిరి. శస్త్రచికిత్సకు ముందు మందు లిచ్చుచున్న 44 మంది జఠరరోగులకు, మొదటను 14వ దినమునను ఈ పరీక్ష చేసిరి. వెలుగు నూటికి 35 పాళ్లు తగ్గినవారిలో రెండేండ్లు జీవించినవారు నూటికి 90 మంది. అంతగా తగ్గనివారిలో 25 మంది మాత్రమే. పుండు పరిమాణము మారుటకు పూర్వమే, రెండు వారములలో, మందు పారునో పారదో తెలియుట సామాన్యము కాదు. పారనిచో వైద్యుడు మార్గము మార్చుటను గూర్చి యోచించును. వెలుగు తగ్గలేదనుట “ఆశ వదలుకొను”డని కాదు. “దారి మార్చి చూడు”డని చెప్పుట. రోగుల సంఖ్య స్వల్పము. సమూహమునకు వచ్చిన లెక్క యొక్కొక్కని నుదుటి వ్రాత కాదు.

ఆ 44 మందిలో 9 మంది పుండ్లు తగినంత స్పష్టముగా గానరాలేదు. ఉంగరమువంటి యాకృతిగల కణములతో గూడినవియు, జిగురు స్రవించునవియు చక్కెరను అంతగా గ్రహింపవు. ఉదరపు పొరపై జల్లినట్లుండు సన్నని మచ్చలును తప్పిపోవచ్చును. అందులకే సన్నని గొట్టముతో ఉదరములోనికి జూడవలసివచ్చును. వట్టి వాపుకూడ వెలుగవచ్చును. కావున రోగనిర్ణయమునకు ఎండోస్కోపియు, కండముక్క పరీక్షయు ముఖ్యములు.

మా మేనత్తగారికి ఈ వ్యాధి వచ్చినపుడు మేమందరము పరీక్షాపత్రమును దాచితిమి. ఆమె యొకనాడు, “అందున్నది నా కడుపే కదరా, నాకు చెప్పరేమి?” అని యడిగెను. నేటికిని దానికి నాయొద్ద సమాధానము లేదు.

మన సంఘమువారికి మూడు మనవులు. విడువని అజీర్తి, అరుచి, కృశించుట, నల్లని విరేచనము కనబడినచో జాగుచేయక వైద్యుని జూడుడు. రోగితో చదువుకొన్నవా రొకరు వెళ్లి, పత్రమున కర్థమును వైద్యునినుండి రోగి యెదుటనే తెలిసికొనుడు. సంఘనిధినుండి పేదరోగుల ప్రయాణమునకును బసకును కొంత కేటాయింపుడు. విశాఖపట్టణమునకు బోవు దారిలో అగనంపూడియందు టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల మనకు జేరువనే యున్నది. దూరమంతయు మన సంకోచమునందే కలదు.