చిన్న పక్షవాతము – పిదప చేయవలసిన పని



రజతోత్సవ సభలో జబ్బుల ప్రస్తావన యేమని కొంద రనుకొనవచ్చును. ఈ పఠనమందిరమున ప్రతిదినము పత్రిక చదువువారిలో అరువదియేండ్లు దాటినవారే యెక్కువ గనుక ఈ విషయము నెన్నుకొంటిని.

మా మేనమామగారొకనాటి యుదయమున కాఫీ త్రాగుచుండగా గ్లాసు కుడిచేతినుండి జారినది. మూతి కొంచెము వంకరపోయినది. మాట ముద్దగా వచ్చినది. అరగంటలో అన్నియు సర్దుకొన్నవి. "వాతము, పోయినదిలే" అని వారు పొలమునకు బోయిరి. మేమును ఊరకుంటిమి. నాలుగవనాడు కుడిచేయి, కాలు పడిపోయినవి. ఆ అరగంటను లెక్కచేయని తప్పులో నాకును భాగము కలదు.

మెదడులోని రక్తనాళమున గడ్డ యడ్డుపడుటచేతనో, నాళము చిట్లుటచేతనో పక్షవాతము వచ్చును. ఏది జరిగినదో స్కానింగు తీయనిదే యెంతటి వైద్యుడును నిశ్చయింపలేడు. గడ్డను కరిగించు సూదిమందు కలదు. అది సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల పడవలెను. నాళము చిట్లినవారికి ఆ మందే ప్రాణాంతకము. కాబట్టి మూతి వంకర, చేయి వ్రాలుట, మాట తడబడుట – వీనిలో నొక్కటి కనబడినను, వెంటనే తగ్గినను, 108కి ఫోను చేయుడు. తగ్గిన పిదప రెండుమూడు దినములే మిక్కిలి ప్రమాదకరములు. మ్రింగుట సరిగా నున్నదని తేలువరకు నోట నీళ్లు పోయరాదు. పావురాయి నెత్తురు పూయుటకై ఊరంతయు గాలించి కాలము పోగొట్టుకొన్నవారిని నే నెరుగుదును. పావురమునకును మేలు లేదు, రోగికిని లేదు!

మామగారికి నడక త్వరగానే వచ్చినది. చేయి రాలేదు. మా అత్తయ్య ప్రేమకొలది అన్నము కలిపి ముద్దలు పెట్టుచుండెను. వ్యాయామచికిత్స చేయవచ్చినవాడు చూచి, "అమ్మా, మీరే ఆ చేతిని పాడుచేయుచున్నారు" అనెను. నాటినుండి వేరుసెనగకాయ లొలుచుట, చొక్కా గుండీలు పెట్టుకొనుట ఆ చేతి పనియే. మొదటి మూడు నెలలలో గుణము వేగముగా కనబడును, పిదపను ఆగిపోదు. పడిపోయిన చేతిని పట్టి లేవదీయరాదు, భుజము చెడును. అయినదానికి కానిదానికి కన్నీరు పెట్టుకొనుటయు ఈ జబ్బులో భాగమే. దానికిని వైద్యము కలదు. రక్తపోటు, చక్కెర మాత్రలు బాగుగానున్నదని మానరాదు. చుట్ట మానవలెను.

వారి మాట తేరుకొన్నది ఈ మందిరముననే, పత్రికలోని పెద్దక్షరములను బిగ్గరగా చదువుచు. నిరుడు చందాపుస్తకమున కుడిచేతితోనే సంతకము చేసిరి. అయితే మన మెట్లు మూడింటిని ఎక్కుటకు వారి కింకను ఒకరి భుజము కావలసియున్నది. కార్యవర్గమువారు ఈ సంవత్సరమే అచ్చట ఒక ఇనుపకమ్మి వేయింతురని కోరుచున్నాను.