యాత్రికుల గాజు బుడ్లు



తిరుమంగళం చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో దేవుడి గూడు చూడండి. కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు వుంటుంది, పళని విభూతి వుంటుంది. వేళాంగణ్ణి వెళ్లివచ్చిన పొరుగింటివారి గూట్లో నూనె బుడ్డి వుంటుంది. క్షేత్రానికి పోయినవాళ్లు ఉత్తచేతులతో తిరిగిరారు. ఈ అలవాటు ఎంత పాతదో చెప్పే గాజు బుడ్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

సుమారు 1400 ఏళ్ల కిందట, బైజాంటియం చక్రవర్తుల ఏలుబడిలో, జెరూసలేముకు దేశదేశాల క్రైస్తవులు యాత్ర వచ్చేవారు. ఆ కాలపు గాజు బుడ్లు కొన్ని నేటికీ మిగిలాయి. జానెడు కన్నా తక్కువ ఎత్తు. ఎక్కువగా ఆరు పలకలు. చాలావాటికి తేనె రంగు. కరిగిన గాజును గొట్టం చివర తీసుకుని, అచ్చులో పెట్టి ఊదితే, పలకల మీద బొమ్మలు లోతుగా పడేవి. మెట్ల మీద నిలిపిన శిలువ వాటిలో ముఖ్యమైనది.

వింత ఏమిటంటే, అదే ఆకారంలో, అదే పనితనంతో వున్న మరికొన్ని బుడ్ల మీద యూదుల ఏడు కొమ్మల దీపస్తంభం వుంది. డాన్ బరాగ్ అనే పండితుడు 1970, 71 సంవత్సరాల్లో వీటిని పరిశీలించి, రెండు రకాలూ జెరూసలేములోనే, 578కీ 636కీ మధ్య తయారై వుంటాయని వాదించాడు. అంటే పనివాడి కొలిమి ఒక్కటే. కొనేవారి దేవుడిని బట్టి అచ్చు మారింది!

గాజుపని మన తెలుగువారికి కొత్త కాదు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కొలిమి నుంచి గాజును పొడుగాటి గొట్టంగా లాగి, ముక్కలు కోసి, పూసలు చేసే పద్ధతి వుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల ఏళ్ల కిందటి పూసలదీ ఇదే పద్ధతి.

ఇక అసలు సంగతి. ఆ జెరూసలేము బుడ్లలో చాలాభాగం పాతవస్తువుల వర్తకుల చేతుల మీదుగా మ్యూజియములకు చేరాయి. ఏ ఊళ్లో, ఏ సమాధిలో, దేని పక్కన దొరికాయో రాసిపెట్టినవారు లేరు. అందుకే లోపల పోసింది దీపపు నూనేనా, మరొకటా అని పండితులు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు. వస్తువు మిగిలింది, దాని కథ పోయింది.

ఇది మనకూ వర్తిస్తుంది. మదురైలో దొరికిన రోమను రాగి నాణేలను రాబర్ట్ సెవెల్ 1904లో జాబితాలో చేర్చాడు. అవి ఆర్కేడియస్, హోనోరియస్ వంటి క్రైస్తవ చక్రవర్తుల కాలానివి, అంటే ఈ బుడ్ల కన్నా సుమారు రెండు వందల ఏళ్లు ముందువి. రేపు మీ చేనులో నాగటిచాలుకు అలాంటి నాణెమో, గాజుపెంకో తగలవచ్చు. చింతపండు పెట్టి తోమకండి. కరిగించడానికి అమ్మకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి. పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుగారికి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఆ చోటు ఒక్కటి చెప్పగలిగితే, మన మట్టి కథ మన పిల్లలకు మిగులుతుంది. సెలవు.