గింజకు సద్ది పెట్టే బూజు



బూజు అంటే అందరికీ చిరాకే. ఊరగాయకు బూజు పడితే పారబోస్తారు. బూజు పట్టిన చెనిక్కాయలు తింటే జబ్బు చేస్తుంది. కానీ బూజులన్నీ చెడ్డవి కావు. బూజు తోడు లేకపోతే అడవిలో మొలకే ఎత్తని పూలమొక్క ఒకటి ఉంది.

నల్లమలకో, కడప పక్క కొండలకో కట్టెలకు పోయేవాళ్లు ఈ మొక్కను చూసే ఉంటారు. చెట్టు కొమ్మకు అతుక్కుని ఉంటుంది. ఆకులు మందంగా, పట్టీల మాదిరి ఉంటాయి. లావుపాటి వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. పూల మీద గోధుమరంగు గీతలుంటాయి. దీన్ని బదనిక అంటారు. శాస్త్రవేత్తలు వాండా అంటారు. ఇది ఆర్కిడ్ల కుటుంబంలోది. నాటువైద్యంలో కీళ్లనొప్పులకు వాడతారు.

మామిడి కొమ్మలో వేరు దించి రసం పీల్చే బదనిక వేరే ఉంది. ఈ మొక్క చెట్టు రసం తాగదు. చెట్టు మీద చోటు మాత్రం తీసుకుంటుంది.

ఇప్పుడు దీని గింజ సంగతి చూడండి. చెనిక్కాయ పప్పులో రెండు బద్దలుంటాయి కదా! అవే మొలకకు సద్దిమూట. ఆకులు వచ్చేదాకా మొలక ఆ సద్ది తిని బతుకుతుంది. బదనిక కాయ పగిలితే పిండి మాదిరి పొడి గాలికి లేస్తుంది. ఆ పొడే గింజలు. ఒక్క కాయలో వేలకు వేలు ఉంటాయి. అంత చిన్న గింజలో సద్దిమూట ఉండదు. మరి మొలక ఏం తినాల?

ఇక్కడే బూజు ఆదుకుంటుంది. బెరడు సందుల్లో, కుళ్లిన ఆకుల్లో దారాల్లాంటి బూజు ఉంటుంది. గింజ దాని మీద పడితే, ఆ దారం గింజ లోపలికి పోయి ఉండ చుట్టుకుంటుంది. గింజ ఆ ఉండను అరిగించుకుని మొలకెత్తుతుంది. ఏ బూజైనా పనికిరాదు. తగిన బూజే దొరకాల. అందుకే వేల గింజల్లో ఏ కొన్నో మొక్కలవుతాయి.

ఈ సంగతి కనుక్కున్నది ఫ్రాన్సు దేశపు నోయల్ బెర్నార్. 1899లో కనుక్కున్నాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లే. 1922లో అమెరికాలో నడ్సన్ అనే శాస్త్రవేత్త ఇంకో దారి చూపించాడు. గాజుసీసాలో చక్కెర కలిపిన మేత పెట్టి, బూజు లేకుండానే గింజలు మొలిపించాడు. పట్నం అంగళ్లలో అమ్మే ఆర్కిడ్లు చాలావరకు ఇట్లా సీసాల్లో పెంచినవే. అడవిలో సీసా ఎవరు పెడతారు? అక్కడ బూజే దిక్కు.

మరి బూజుకేం లాభం? 2006లో బ్రిటన్ శాస్త్రవేత్తలు అక్కడి నేల మీద పెరిగే ఒక ఆర్కిడ్‌ను పరీక్షించారు. దాని ఆకులు తయారుచేసిన చక్కెరలో కొంత బూజుకు పోతోందని తేలింది. చిన్నప్పుడు తిన్న అప్పు పెద్దయినాక తీర్చినట్టు!

అందుకే బదనికను మందుకని వేళ్లతో సహా పీకితే పోయేది ఒక్క మొక్క కాదు. దాని కాయలు, వేల గింజలు కూడా పోతాయి. చెట్టు కొట్టేస్తే బెరడులోని బూజుకూ చోటు పోతుంది. ఆరిపోని బీడీ ముక్క పారేస్తే రాలిన ఆకంతా కాలిపోతుంది. ఆ ఆకులోని బూజూ కాలిపోతుంది. తర్వాత గింజ పడినా సద్ది పెట్టేవాళ్లుండరు.

కాయ పగిలేదాకా మొక్కను ఉండనీయండి. బీడీ ఆర్పి పారేయండి. గాలికి పడిపోయిన కొమ్మ మీద బదనిక కనబడితే, తీసి పక్క చెట్టుకు నారతో కట్టండి. దాని వేళ్లలోని బూజు దానితోనే పోతుంది.

కంటికి కనబడనంత చిన్నది కూడా ఒకరికి అన్నం పెడుతుంది. అది గుర్తుంటే అడవి నిలుస్తుంది.